చారిత్రక వ్యూహ వీడియో గేముల్లో యుద్ధానంతర దౌత్యం

చారిత్రక వ్యూహ వీడియో గేముల్లో యుద్ధం ముగిశాక పాత శత్రువులు మళ్లీ సంబంధాలు కలుపుకోవడానికి ఉన్న నియమాలను యుద్ధానంతర దౌత్యం అంటారు. సంధి గడువు, పరిహారం, సామంతత్వం, రాజవంశాల వియ్యం, పొత్తు ఇందులోకి వస్తాయి. 1990లలో పోరు ఆపడానికే పరిమితమైన సంధి, తర్వాతి మూడు దశాబ్దాల్లో పగ ఎలా పుడుతుంది, ఎలా చల్లారుతుంది అని లెక్కగట్టే వ్యవస్థగా ఎదిగింది. గెలిచిన రాజ్యాన్ని నిలబెట్టుకోవడం గెలవడం కంటే కష్టమని ఆటగాడికి అనుభవంలోకి తెచ్చేది ఈ భాగమే.

నేపథ్యం

ఈ దౌత్యానికి మూలాలు బోర్డు గేముల్లో ఉన్నాయి. అమెరికాకు చెందిన అలన్ కాల్హామర్ 1954లో రూపొందించిన ‘డిప్లొమసీ’ 1959లో విడుదలైంది. 1901 నాటి ఐరోపాలో ఏడు అగ్రరాజ్యాల మధ్య సాగే ఈ ఆటలో ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలన్న నిబంధన లేదు. నిన్న దండెత్తినవాడితో ఇవాళ చేయి కలపవచ్చు. ఎవరు ఎవరిని మోసగించారో ఆటగాళ్లే గుర్తుపెట్టుకుంటారు. ప్రత్యర్థి స్థానంలోకి కంప్యూటర్ వచ్చేసరికి ఆ జ్ఞాపకాన్ని ప్రోగ్రాములోనే రాయవలసి వచ్చింది.

తొలి దశ

సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన ‘సివిలైజేషన్’ (1991)లో శత్రువుతో సంధి చేసుకోవచ్చు. ప్రజాస్వామ్యాన్ని ఎంచుకున్న ఆటగాడు యుద్ధానికి సిద్ధమైనా సెనేట్ అడ్డుపడుతుంది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ (1997)లో మిత్రుడు, తటస్థుడు, శత్రువు అనే మూడు వైఖరులున్నాయి. ఈ ఆటల్లో సంధి పోరును ఆపేది. గాయపడిన రాజ్యం మనసులో ఏముందో ఆటగాడికి తెలిసే దారి తక్కువ.

పగకు లెక్క

సోరెన్ జాన్సన్ రూపకర్తగా వచ్చిన ‘సివిలైజేషన్ 4’ (2005) ఆ దారి తెరిచింది. ఒక పాలకుడు మనల్ని ఎందుకు ద్వేషిస్తున్నాడో, ఎందుకు ఇష్టపడుతున్నాడో కారణాలతో సహా అంకెల్లో చూపింది. మనం యుద్ధం ప్రకటించి ఉంటే మైనస్, ఉమ్మడి శత్రువుతో కలిసి పోరాడితే ప్లస్. సంధి కుదిరాక 10 టర్న్‌ల వరకు దాన్ని ఉల్లంఘించడం కుదరదు. ‘వార్‌లార్డ్స్’ (2006) విస్తరణతో ఓడిన దేశం సామంతరాజ్యంగా లొంగిపోయే వీలు కలిగింది. ‘సివిలైజేషన్ 6’కు 2019లో వచ్చిన ‘గ్యాదరింగ్ స్టార్మ్’ ఇద్దరి మధ్య ఎవరు ఎవరికి ఎంత అన్యాయం చేశారో లెక్కించింది. శాంతికాలంలో ఆ లెక్క క్రమంగా తగ్గుతుంది.

సంధి గడువు, పరిహారం

స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ ఆటల్లో సంధి షరతులే ప్రధానం. ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ (2013)లో విధించిన షరతుల బరువును బట్టి సంధి గడువు 5 నుంచి 15 ఏళ్లు ఉంటుంది. గడువులోపు దాడి చేస్తే సొంత దేశంలోనే సుస్థిరత పడిపోతుంది. పరిహారానికి ఒప్పుకున్న రాజ్యం పదేళ్లపాటు తన ఆదాయంలో పదోవంతు చెల్లిస్తుంది. గెలిచినవాడు అత్యాశకు పోతే చుట్టుపక్కల రాజ్యాలు కూటమి కడతాయి.

‘విక్టోరియా 2’ (2010) పగను పాలకుడి నుంచి ప్రజల్లోకి తీసుకెళ్లింది. తమదనుకునే నేల పరాయి పాలనలో ఉన్నంతకాలం ప్రతీకారవాదం పెరిగి, జనం యుద్ధవాదం వైపు మొగ్గుతారు. 1871లో ఆల్సేస్-లొరైన్ కోల్పోయిన ఫ్రాన్స్ చరిత్ర ఇందులో కనిపిస్తుంది. ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4’ (2016)లో విజేతలు శాంతి సదస్సులో కూర్చుని ఓడిన దేశాన్ని పంచుకుంటారు. 2022లో ఈ సదస్సుకు సైన్యరహిత మండలం వంటి షరతులు చేరాయి.

దక్కన్ ఉదాహరణ

‘యూరోపా యూనివర్సాలిస్ 4’ 1444 నవంబరు 11న మొదలవుతుంది. అప్పటికి విజయనగరం, బహమనీ సుల్తానులు, ఒడిశా గజపతులు ఉనికిలో ఉన్న రాజ్యాలే. ఆటగాడు విజయనగరాన్ని ఎంచుకుని గజపతుల నుంచి కోస్తాను గెలవవచ్చు. చరిత్రలో విజయనగర రాజు శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీద గెలిచాక కృష్ణా నదికి ఉత్తరాన ఉన్న భూభాగాన్ని గజపతి రాజు ప్రతాపరుద్రుడికి తిరిగి ఇచ్చాడు, అతని కుమార్తెను వివాహమాడాడు. ఆటలోనూ రెండు రాజవంశాల మధ్య వియ్యం కుదర్చవచ్చు. గెలిచిన నేలను వెనక్కి ఇవ్వడం మాత్రం ఆటగాళ్లకు లాభంగా తోచదు. ఎక్కువ నేల ఉన్నవాడే బలవంతుడని ఆట నేర్పుతుంది కాబట్టి రాయల దూరదృష్టికి అక్కడ తగిన విలువ దక్కదు.

విమర్శ

ఈ ఆటల్లో పగ ఎక్కువగా కాలంతోపాటు తగ్గే అంకె. చరిత్రలో పగ దానంతటదే తగ్గలేదు, మనుషులు పూనుకుని తగ్గించారు. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ 1951లో బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఉమ్మడి అధికారం కిందికి తెచ్చే ఒప్పందంలో మరో నాలుగు దేశాలతో కలిశాయి. 1963లో ఎలిజే ఒప్పందంతో యువజన మార్పిడికి బాట వేశాయి. పాత శత్రువులు ఉమ్మడి సంస్థలు కట్టుకుని స్నేహితులయ్యే ఇలాంటి ప్రక్రియను ఆటలు ఇంకా లోతుగా చూపలేదు. ఓడినవాడిని శిక్షించే మార్గాలు ఆటగాడికి ఎన్నో ఉన్నాయి. అతన్ని నిలబెట్టి, తానూ లాభపడే మార్గాలు కూడా అన్ని ఉన్నప్పుడే ఈ ఆటలు చరిత్రకు న్యాయం చేసినట్లు.