అయ్యనార్‌కు కొత్త గుర్రం

చెప్పులు ఇక్కడే విడిచేయండి, ఆ చెట్టు మొదట్లో. ఇక్కణ్ణించి గుడి దాకా ఇసుక కలిసిన మట్టిబాట. ఎండ పడ్డచోట అరికాలు చురుక్కుమంటుంది, నీడలోకి రాగానే ప్రాణం లేచొస్తుంది. మీరున్నది తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లా ఇళంగుడిపట్టిలో. తోపు మధ్యలో గుడి. బాటకు రెండువైపులా, మీరు ఎంత దూరం నడిస్తే అంత దూరం, మట్టిగుర్రాలు.

ముందు వరసలోవి కొత్తవి. సున్నం తెలుపు ఇంకా వదల్లేదు, ఎర్రరంగు కళ్లెం, మెడలో మట్టిగంటలు. వాటి వెనక వరసకు వెళితే సున్నం రాలి లోపలి ఎరుపు బయటపడుతుంది. ఇంకొంచెం వెనక్కి, పొదలు పక్కకి తొలగించి చూడండి. చెవుల్లేనివి, మూతి విరిగినవి, ముంగాళ్లు పోయి చెట్టు వేళ్ల మీదికి ఒరిగినవి. ఒకదాని పొట్టలో చీమలపుట్ట లేచింది. ఆ వెనక గుర్రం ఆకారం కూడా లేదు, పెంకులే. అడుగు చూసి వేయండి. మీరు నిలబడ్డ నేలలో సగం ఒకప్పటి గుర్రాలే.

ఎవరూ వీటిని అతికించరు. ఎవరూ ఊడ్చి పారేయరు కూడా.

ఊరు నిద్రపోయాక అయ్యనార్ గుర్రమెక్కి పొలిమేర చుట్టి వస్తాడని ఇక్కడి నమ్మకం. చెరువుకట్ట తెగకుండా, దొంగలు రాకుండా, అంటురోగం ఊళ్లో అడుగుపెట్టకుండా చూసుకునే పని ఆయనది. మన పోతరాజు కూడా పొలిమేర కాచేవాడే గానీ, ఈయన ధోరణి వేరు. దొరలా కూర్చుంటాడు, ఒక కాలు మడిచి, ఒక కాలు కిందికి వదిలి. అటూ ఇటూ పూర్ణ, పుష్కల, ఇద్దరు భార్యలు. హరిహరపుత్రుడైన శాస్తా ఈయనే అంటారు, ఆ లెక్కన శబరిమల అయ్యప్పకు బాగా దగ్గరివాడు. శాకాహారి. మేకలూ కోళ్లూ ఆయన వెంట ఉండే కరుప్పర్‌కు. అక్కడ మేకను కోసేటప్పుడు ఇక్కడ అయ్యనార్ ముందు తెర లాగేస్తారు. పక్కనే జరుగుతున్నది దేవుడికి కనపడకపోతే చాలు. ఊరి మర్యాద ఎంత తెలివిగా ఉంటుందో చూడండి.

దేవుడు తిరగాలంటే వాహనం కావాలి, వెంట సైన్యానికీ కావాలి. అందుకే బిడ్డ పుట్టాలని మొక్కుకున్నా, జబ్బు తగ్గాలని మొక్కుకున్నా, వాన పడాలని ఊరంతా కలిసి మొక్కుకున్నా గుర్రం ఇస్తారు. గుర్రాల కాళ్ల సందుల్లోకి చూస్తే చిన్నచిన్న ఆవులు, కుక్కలు, పాములు, బొద్దుగా పసిపిల్లల బొమ్మలు కూడా కనపడతాయి. అవీ మొక్కుబళ్లే.

ఈ ముందు వరస గుర్రం ఇక్కడికెలా వచ్చిందో చూడాలంటే కొన్ని వారాలు వెనక్కి జరిగి, ఊళ్లోకి, కుమ్మరి పెరట్లోకి రావాలి.

ఇక్కడి కుమ్మరులు వేళార్లు. అయ్యనార్ గుళ్లు చాలావాటిలో పూజారులు కూడా వాళ్లే. పొద్దున మట్టి తొక్కిన కాళ్లే సాయంత్రం గర్భగుడి గడప దాటుతాయి. పెద్ద గుళ్లకు అలవాటుపడిన కంటికి ఇది వింతగా ఉండొచ్చు. నాకైతే ఇదే సబబనిపిస్తుంది. బొమ్మ చేసినవాడికంటే దాన్ని దేవుడికి అప్పగించే హక్కు ఇంకెవరికుంటుంది?

ఊరి పెద్దలు పళ్లెంతో వస్తారు. అందులో ఆకూవక్కా, కొబ్బరికాయ, కొంత డబ్బు, వాటితోపాటు పిడికెడు మట్టి. పిడిమణ్ అంటారు దీన్ని. ఈ పిడికెడు మట్టి కుమ్మరి చేతిలో పడితేనే పండగ మొదలైనట్టు. ఇది రాకుండా ఊరి గుర్రానికి ఆయన చెయ్యి పెట్టడు. కొత్త గుర్రం మట్టిలో ఈ మట్టి కలుస్తుంది. సిరాతో రాసుకునే ఒప్పందం ఏదీ ఉండదు, ఇదే ఒప్పందం.

ఇక పని. చెరువు అడుగు నుంచి తెచ్చిన బంకమట్టి, ఇసుక, వరిపొట్టు. కాళ్లతో తొక్కుతారు. మడమతో అదిమి, మట్టిని పక్కకి నెట్టి, మళ్లీ అదిమి, మధ్యలో తగిలిన రాళ్లు ఏరి పారేస్తూ. మీరూ ఒక్కసారి కాలు పెట్టి చూడండి. చల్లగా జారుతుంది, పొట్టు మాత్రం గరగరలాడుతుంది. ఆ పొట్టు ఊరికే కలపలేదు. ఉత్త బంకమట్టి ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పొట్టు కలిస్తే ఆ కుదింపు తగ్గుతుంది, తర్వాత మంటలో పొట్టు కాలిపోయి ఆవిరి బయటికి పోవడానికి సన్నని దారులు మిగులుతాయి.

ముందు నాలుగు కాళ్లు లేస్తాయి, నాలుగు మట్టి గొట్టాలు. వాటి మీద పొట్ట. మట్టిని లావుపాటి తాడులా పేని, వరస మీద వరస చుట్టి, లోపల ఒక చెయ్యి ఆనించి బయటినుంచి చెక్కతో తడతాడు. టప్, టప్, టప్. గుండ్రంగా తిరుగుతూ తడతాడు గనక శబ్దం ఒకసారి దగ్గరగా, ఒకసారి గుర్రం అవతలి నుంచి వినపడుతుంది. కాసేపటికి ఆపేస్తాడు. ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు, ఎందుకు ఆపాడు? కింది వరస తడి ఆరకముందే పైన బరువు పెడితే కాళ్లు కూలబడతాయి. మరీ ఆరిపోతే పచ్చిమట్టి దానికి అతకదు. అందుకని పై అంచు మీద తడిగుడ్డ కప్పి, మిగతాది గాలికి వదిలేసి, రేపటి దాకా ఆగాలి. మనిషి కంటే ఎత్తు గుర్రాలు కూడా ఇలాగే, రోజుకు కాస్త చొప్పున పెరుగుతాయి. ఈ పనిలో చేతినేర్పు ఎంత ముఖ్యమో, ఆగడం తెలియడమూ అంతే ముఖ్యం. పొట్ట కింద కన్నం చూశారా? అది లేకపోతే లోపలి వేడిగాలికి దారి దొరక్క మంటలో పగిలి ఊరుకుంటుంది.

మెడ, తల, చెవులు, తోక. ఆ తర్వాత గంటలు, పూలదండలు, రొమ్ము మీద కోరలు చాపిన యాళి అనే సింహంలాంటి కల్పిత మృగం మొహం. వీటికి వేళ్లు పరుగెడతాయి, ఎవరూ ఎక్కువసేపు ఆలోచించరు.

కాల్చడం చీకటి పడ్డాక చూడండి. చిన్నవాటికి ఆము ఉంటుంది. పెద్దదాన్ని కదిలించే పని లేదు, ఉన్నచోటే చుట్టూ కట్టెలు, పిడకలు, గడ్డి పేర్చి, పైన తడిమట్టి మెత్తుతారు. మొదట చిక్కని తెల్లపొగ. కళ్లు మండుతాయి, గాలి ఎటు తిరిగితే దానికి ఎదురు పక్కకి జరగండి. పొగ పలచబడ్డాక సందుల్లోంచి ఎరుపు తొంగిచూస్తుంది.

మంట ముందు కూర్చుంటే తెలుగువాడికి శాలివాహనుడు గుర్తురాక తప్పదు. మన కుమ్మరులు తమను శాలివాహనులని చెప్పుకుంటారు కదా. గోదావరి ఒడ్డున పైఠాన్‌లో, కుమ్మరి ఇంట పెరిగిన పిల్లవాడు మట్టితో ఏనుగులు, గుర్రాలు, సైనికులు చేసి ఆడుకునేవాడట. విక్రమార్కుడి సేన మీదికొచ్చిన రోజున ఆ బొమ్మలకు ప్రాణమొచ్చి, గుర్రాలు సకిలించి, యుద్ధం గెలిచిపెట్టాయట. ఉగాది నాడు పంచాంగంలో వినే శాలివాహన శకం, అంటే సామాన్య శకం 78 నుంచి వచ్చే లెక్క, ఆ గెలుపు నాటిదేనని కథ. ఆ శకానికి శాలివాహనుడి పేరు చాలా శతాబ్దాల తర్వాతే అతికిందని చరిత్రకారులు చెబుతారు. నిజమే. కానీ ఎర్రగా కాలుతున్న గుర్రాన్ని ఎదురుగా పెట్టుకుని ఆ మాట వినబుద్ధి కాదు. పైఠాన్ గుర్రాలకు ఒక్కరోజు యుద్ధం. ఇక్కడివాటికి రోజూ రాత్రి గస్తీ.

పండగ పొద్దు. పురవి ఎడుప్పు, అంటే గుర్రాన్ని ఎత్తుకెళ్లే పండగ. కుమ్మరివీధిలో గుర్రాలు వరసగా నిలబడ్డాయి, సున్నం కొట్టి, రంగులు దిద్ది, మెడల్లో పూలదండలు, తుండుగుడ్డలు. కళ్లు తెరిచే తంతు జరిగేదాకా ఇవి కుమ్మరి సామాను. ఆ తర్వాత దేవుడివి. నాదస్వరం, తవిల్ ఒకవైపు, పరై డప్పు ఒకవైపు. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ కులవ వేస్తారు. ఒకాయనకు పూనకం వస్తుంది, చేతిలో పొడుగాటి కత్తి, జనం చీలి దారి ఇస్తారు. పెద్ద గుర్రాన్ని వెదురుబొంగుల మీద కట్టి ఒక్క ఊపున భుజాలకెత్తుతారు. మీరూ ఒక భుజం పట్టండి, ఎవరూ వద్దనరు. లోపల బోలే అయినా భుజం కుంగుతుంది. పొలం గట్ల మీద, ఒకరి అడుగు తప్పితే అందరి అడుగూ తప్పేలా, అరుపుల మధ్య, గుడి దాకా. అక్కడ పాత గుర్రాల ముందు కొత్తది దింపుతారు. పూజ, పొంగలి. రేపటి నుంచి దాని మీద ఎండా వానా పడతాయి.

మట్టిగుర్రమంటే చాలామందికి తెలిసింది పశ్చిమ బెంగాల్ బాంకురా గుర్రం. పాంచ్‌మురా ఊళ్లో చేసే ఆ పొడుగుమెడ గుర్రం కూడా ధర్మఠాకూర్‌కు మొక్కుగా పుట్టిందే. అఖిల భారత హస్తకళల బోర్డు చిహ్నమైంది, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది, ఇప్పుడు డ్రాయింగు రూముల్లో టీవీ పక్కన ఉంటోంది. దానికి అదొక బతుకు. అయ్యనార్ గుర్రం అలమరలో పట్టదు, ఎక్కువకాలం ఉండాలని దాన్ని ఎవరూ చేయరు.

తమిళ ఊళ్లలో ఇప్పుడు దీనికి పోటీ సిమెంటు గుర్రం. ఎత్తుగా, నిగనిగలాడే రంగులతో, ఏళ్ల తరబడి నిలుస్తుంది. కట్టించినవాళ్ల భక్తిని నేను శంకించను. కానీ అది నిలిచినన్నాళ్లూ కుమ్మరి గుమ్మంలోకి పిడిమణ్ పళ్లెం రాదు, చెక్క శబ్దం వినపడదు, ఆయన కొడుక్కి గుర్రం కాళ్ల తడి ఎప్పుడు ఆరిందో పోల్చుకోవడం రాదు. మట్టిగుర్రం విరిగిపోతుంది గనకే ఊరు మళ్లీ మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లింది. దీనికితోడు చెరువులో మట్టి తీసుకోవడానికి కూడా సర్కారు అనుమతి కోసం తిరగాల్సిన కాలం.

పుదుక్కోట్టై వైపు వెళితే ఇళంగుడిపట్టి, నమునసముద్రం తప్పక చూడండి. ముందు వరస దగ్గరే ఆగిపోకుండా వెనక పొదల దాకా వెళ్లండి. విరిగిన చెవి ముక్క ఎంత ముద్దుగా ఉన్నా సంచిలో వేసుకోకండి, అది ఎవరిదో మొక్కు. గుర్రం కావాలంటే ఊళ్లోకి వెళ్లి వేళార్ ఇంట్లో కొత్తది చెప్పి చేయించుకోండి, ఆరేదాకా ఆగండి, బేరం మాత్రం ఆడకండి.