బ్రౌన్ బంగళా (కడప)

బ్రౌన్ బంగళా తెలుగు భాషకు విశేష సేవ చేసిన ఆంగ్లేయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798 - 1884) కడపలో సొంత డబ్బుతో కొని నివసించిన ఇల్లు. పండితులు, లేఖకులు ఇక్కడ కూర్చుని పనిచేసినందున దీనికి "బ్రౌన్ కాలేజీ" అనే పేరు వచ్చినది. బంగళా ఇప్పుడు లేదు. ఎర్రముక్కపల్లె ప్రాంతంలోని ఆ స్థలంలో సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉన్నది.

ఇల్లు కొనుట

బ్రౌన్ కలకత్తాలో జన్మించాడు. 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరి, 1820లో కడప కలెక్టరుకు సహాయకుడిగా నియమితుడైనాడు. 1822లో మచిలీపట్నానికి బదిలీ అయి, తిరిగి 1826లో కడపకు వచ్చాడు. తోటతో కూడిన బంగళాను ఆతడు ఈ ఊరిలోనే కొన్నాడు. బదిలీలు తప్పని కంపెనీ ఉద్యోగి, మూడు నాలుగేళ్ళకు మించి నిలకడ లేని చోట సొంత ఇల్లు ఏర్పరచుకొనుట లాభసాటి వ్యవహారం కాదు. కాని బ్రౌనుకు కావలసినది తన నివాసం ఒక్కటే కాదు. పండితులకు, లేఖకులకు చోటు, వ్రాతప్రతులు భద్రపరచుటకు చోటు కావలసి వచ్చినవి.

బంగళాలో జరిగిన పని

ఆ కాలంలో తెలుగు కావ్యాలు చాలావరకు తాటాకులపైననే ఉండేవి. పదాల మధ్య ఎడం లేకుండా వ్రాయుట వలన చదువుట కష్టం. చెదలు, చెమ్మ, పురుగులు ఆకులను తినివేసేవి. లేఖకుడు ఒకచోట పొరపాటు పడితే ఆ తప్పు తరువాతి ప్రతులన్నిటిలోనికీ పాకేది. అందువలన బ్రౌన్ ఒకే గ్రంథానికి వేరు వేరు ఊళ్ళ నుండి ప్రతులు తెప్పించేవాడు. వాటిని కాగితంపై ఎత్తి వ్రాయించి, పక్కపక్కన పెట్టి పండితులచేత పోల్చి చూపించి, పాఠభేదాలు గుర్తించి శుద్ధప్రతి తయారు చేయించేవాడు. కొన్నిటికి వ్యాఖ్యానాలు కూడా వ్రాయించాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మశాస్త్రి వంటి పండితులు ఆతని కొలువులో పనిచేసినవారే. జీతాలన్నీ బ్రౌన్ సొంతంగా ఇచ్చేవాడు.

బ్రౌన్ ఇతర జిల్లాలకు వెళ్ళిన తరువాత కూడా ఈ పని ఆగలేదు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి వ్యవహారాలు చూచేవాడు. ఈ ఖర్చుల వలన బ్రౌన్ అప్పుల పాలైనాడు. 1834లో ఉద్యోగం పోగా ఇంగ్లండు వెళ్ళి, కొన్నేళ్ళకు తిరిగివచ్చి మరల కొలువులో చేరాడు. 1829లో వెలువడిన వేమన పద్యాల సంపుటి, 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు (పండితులు బ్రౌణ్యమని పిలిచేది ఇదే) ఈ శ్రమ ఫలితాలే. ఆతడు సేకరించిన వ్రాతప్రతులు తరువాత మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరినవి. ఇల్లు నిలువకపోయినా ఇంటిలోని సరుకు నిలిచినదంటే కారణం ఇదే.

శిథిలావస్థ

బ్రౌన్ 1855లో పదవీ విరమణ చేసి లండను వెళ్ళిపోయాడు. అక్కడ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా పనిచేసి 1884లో మరణించాడు. కడప బంగళా క్రమంగా పాడుపడి మొండిగోడలు మిగిలినవి. మనుషులు కాపురమున్న పాత ఇంటికి ఏటేటా సున్నం, కప్పు మరమ్మతు జరుగుతుంది. కాపురం లేని ఇంటి కప్పులో ఒకచోట నీరు దిగితే దూలం పుచ్చి, దూలం కూలితే గోడ తలపై వాన పడి, కొన్ని వానాకాలాలలోనే ఇల్లు నేలమట్టమవుతుంది.

గ్రంథాలయం

ఆంగ్ల అధ్యాపకుడు, రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి (1926 - 2014) ఈ స్థలంలో బ్రౌనుకు స్మారకం నిర్మించవలెనని పూనుకున్నాడు. స్మారక ట్రస్టు ఏర్పడినది. స్థల యజమానులు భూమిని విరాళంగా ఇచ్చారు. శాస్త్రి ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు. పాత గోడలను యథాతథంగా నిలబెట్టుట కాక, వాటి స్థానంలో కొత్త గ్రంథాలయ భవనం కట్టించుట జరిగినది. బ్రౌన్ నాటి గోడ ఒక్కటైనా మిగిలి ఉంటే బాగుండుననుకొనేవారికి ఇది లోటే. అయితే పుస్తకాల కోసం కొన్న ఇంటి చోట మరల పుస్తకాలు చేరినవి.

2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఈ సంస్థ దానిలో భాగమైనది. ఇక్కడ తాళపత్ర గ్రంథాలు, వేల సంఖ్యలో పుస్తకాలు ఉన్నవి. మెకంజీ సేకరించిన కడప జిల్లా కైఫియత్తులను కేంద్రం సంపుటాలుగా ప్రచురించినది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల విద్యార్థులు తమ ఊళ్ళ గుడులు, చెరువులు, ఇనాముల చరిత్ర వెదకదలచినచో మొదట చూడవలసినవి ఈ సంపుటాలే.