కుక్క ఖర్చు ఎవరు కట్టారు? తక్కోలం యుద్ధం నుంచి హచ్ పగ్ దాకా

ఈరోజు ఎపిసోడ్ కుక్కల మీద. కుక్క అంటే ప్రేమ, విశ్వాసం, ఆ కథలు చాలానే విన్నాం. నేను డబ్బు గురించి మాట్లాడతాను.

తిరుపతిలో ఎవరినైనా లాబ్రడార్ పిల్ల ఎంత అని అడగండి. ఒకరు పది వేలంటారు, ఒకరు పాతిక వేలంటారు, 'పేపర్లు' ఉంటే ఇంకా ఎక్కువ అంటారు. అందరూ చెప్పేది కొనే రేటే. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక సర్వర్ కొనాలంటే మేనేజర్ ముందు రేటు అడిగేవాడు కాదు. ఐదేళ్ళు నడపడానికి ఎంతవుతుంది అనేవాడు. కరెంటు, ఏసీ, రిపేర్లు, దాన్ని చూసుకునే మనిషి జీతం. కుక్కకి కూడా అదే లెక్క వేద్దాం. తిండీ డాక్టరూ కలిపి నెలకి 3,000 అనుకోండి, పెద్ద కుక్కకి అది తక్కువే. 12 ఏళ్ళు బతికితే 4,32,000. పదివేలకి కొన్నామని చెప్పుకునేది నిజానికి నాలుగు లక్షల వ్యవహారం.

ఈ లెక్క ఇంటర్నెట్‌లో ఎవరైనా చెప్తారు. నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది వేరే. చరిత్రలోకి పోయి చూస్తే కుక్కని తెచ్చుకున్నది ఒకరు, దాని ఖర్చు భరించింది ఇంకొకరు. మొదటి కేసు మనకి పక్కనే ఉంది, వెయ్యేళ్ళకి పైబడిన కేసు.

తిరుపతి నుంచి చెన్నై రైలెక్కితే పుత్తూరు, తిరుత్తణి దాటినాక అరక్కోణం వస్తుంది కదా, దానికి దగ్గర్లోనే తక్కోలం అని ఒక ఊరు. 949లో అక్కడ చోళులకీ రాష్ట్రకూటులకీ పెద్ద యుద్ధం జరిగింది. చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీద ఉండగానే చనిపోయినాడు. చంపింది గంగరాజు రెండో బూతుగ, రాష్ట్రకూట చక్రవర్తి మూడో కృష్ణుడికి బావ. ఆ బూతుగ సైన్యంలో మనలేర అనే వీరుడు ఒకడు. అతని తెగువ చూసి మెచ్చుకున్నారు. ఊళ్ళు ఇచ్చారు, అది ఆ రోజుల్లో మామూలే. కానీ 'నీకేం కావాలో కోరుకో' అన్నప్పుడు మనలేర ఏం కోరుకున్నాడో తెలుసా? ఒక వేటకుక్కని. దాని పేరు కాళి.

ఈ విషయం మనకి ఎట్లా తెలుసంటే, కర్ణాటక మండ్య జిల్లాలో ఆతకూరు అనే ఊర్లో దొరికిన శాసనం వల్ల. కాళిని ఒక పెద్ద అడవిపంది మీదికి వదిలారు. కుక్కా పందీ రెండూ పోరాడి రెండూ చచ్చిపోయినాయి. మనలేర ఆ కుక్క కోసం చల్లేశ్వర గుడి ముందు రాయి నిలబెట్టించాడు. రాయి మీద కుక్కా పందీ ఒకదాని మీద ఒకటి లంఘించే బొమ్మ ఉంది. ఇప్పుడు అది బెంగళూరులో కస్తూర్బా రోడ్డు మ్యూజియంలో ఉంది. ఉద్యోగానికో ఇంటర్వ్యూకో బెంగళూరు పోయినప్పుడు ఒక గంట టైం పెట్టుకుని చూసి రండి.

నాకు ఇందులో నచ్చిన పార్ట్ బొమ్మ కాదు, దాని కింద రాసిన లెక్క. ఆ రాయికి రోజూ పూజ జరగాలని పెద్ద చెరువు కింద రెండు ఖండుగల భూమి రాసిచ్చారు. ఖండుగ అంటే అంత కొలత విత్తనం పట్టే నేల. అంటే వాళ్ళకి క్లియర్‌గా తెలుసు: ఒక్కసారి డబ్బు పడేస్తే సరిపోదు, ఏటేటా పంట రావాలి. పైగా గుడి పూజారి ఈ రాయికి పూజ చెయ్యకుండా అన్నం తింటే కుక్క చేసిన పాపం అతనికి తగులుతుందని రాసిపెట్టారు. మన భాషలో చెప్పాలంటే మెయింటెనెన్స్ కాంట్రాక్ట్, పెనాల్టీ క్లాజ్‌తో సహా!

కాళి కోసం మనలేర కట్టింది తన ప్రాణం మీదికి తెచ్చుకున్న రిస్కు, కాదనను. ఆ తర్వాత ఖర్చు మాత్రం చెరువు కింద నేల మోసింది. ఆ నేల దున్నినోళ్ళ పేరు రాయి మీద లేదు.

ఇప్పుడు రాజుల్ని వదిలేసి మన పల్లెలకి వద్దాం. ఇక్కడ కుక్కకి రేటే లేదు. ఎవరింట్లో కుక్క ఈనిందో తెలుసుకుని పోయి, ఉన్న వాటిలో చురుగ్గా ఉన్నదాన్ని అడిగి తెచ్చుకోవడమే. కుక్కపిల్లని అమ్ముతారనే మాటే మా అవ్వకి ఇప్పటికీ వింత. తిండి ఏమిటంటే మిగిలిన రాగి సంగటి, ఈ ఇంట్లో ఒక ముద్ద, ఆ ఇంట్లో ఒక ముద్ద. గొర్రెలు కాసేవాళ్ళ దగ్గర ఉండేవి మందతోపాటే పోయి మందతోపాటే వస్తాయి, రాత్రి దొడ్డి దగ్గర నక్క రాకుండా కాపలా. అట్లా ఒక్క ఇంటి మీద భారం పడకుండా ఊరంతా పంచుకునింది. మంచి సిస్టమే. ఒక్క ఐటం మాత్రం ఆ లెక్కలో లేదు. దాని దగ్గరికి వస్తాను.

దానికంటే ముందు పాలెగాళ్ళ కుక్కలు. చిత్తూరు జిల్లా అంటేనే పాలెగాళ్ళ గడ్డ, 1804లో కంపెనీ వాళ్ళ మీద తిరగబడిన గడ్డ. దక్షిణాదిలో పాలెగాళ్ళు పెంచిన పొడుగుకాళ్ళ వేటకుక్కల్ని ఇంగ్లీషోళ్ళు 'పాలిగార్ డాగ్' అని పిలిచినారు. ఈరోజు మనం రాజపాళయం అనే జాతి ఆ కోవకి చెందిందే. రాజపాళయం ఊరు తమిళనాడులో ఉన్నా, ఆ ఊరి రాజులు విజయనగరం కాలంలో ఇటునుంచి పోయి స్థిరపడినవాళ్ళు, ఇంట్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరాయనే. 2005లో మన పోస్టల్ డిపార్ట్‌మెంట్ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేస్తే అందులో రాజపాళయం ఒకటి.

ఆ కుక్కకి పాలలాంటి తెలుపు, గులాబీరంగు ముక్కు ఉంటేనే గిరాకీ. అందరికీ అదే కావాలి కాబట్టి తెల్లవాటిని తెల్లవాటితోనే, చాలాసార్లు దగ్గరి రక్తంలోనే కలిపినారు. ఫలితం ఏమిటంటే ఆ జాతిలో పుట్టు చెవుడు ఎక్కువైంది. కొనేవాడికి అందం, అమ్మేవాడికి డబ్బు, కుక్కకి చెవుడు. ఈ 'పేపర్లు', 'ప్యూర్ బ్రీడ్' అనే పద్ధతి కూడా పెద్ద పాతదేం కాదు. లండన్‌లో కెన్నెల్ క్లబ్ మొదలైంది 1873లో. మన దేశంలో ఇప్పుడున్న కెన్నెల్ క్లబ్ మూలాలు 1896కి పోతాయి. అంతకుముందు కుక్కని పనిని బట్టి చూసేవాళ్ళు. తర్వాత తాతముత్తాతల్ని బట్టి చూడటం మొదలైంది.

సరే, ఇందాక వదిలేసిన ఐటం. రేబిస్.

పిచ్చికుక్క కరిచి రేబిస్ వస్తే అప్పట్లో ఒకటే దారి, చావు. లక్షణాలు బయటపడినాక ఈరోజుకీ దాదాపు అంతే. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లోడికి మొదటిసారి టీకా వేశాడు, పిల్లోడు బతికినాడు. మన దేశంలో ఆ వైద్యం 1900లో మొదలైంది, ఎక్కడో హిమాలయాల అంచున కసౌలీలో. చిత్తూరు దగ్గర పల్లెలో కుక్క కరిస్తే, ఆ మనిషి కసౌలీ పోవాలి. మ్యాప్ తెరిచి చూడండి ఒకసారి. ఊరంతా సంగటి పంచి పెంచిన కుక్కే, కానీ అది కరిచినప్పుడు ఖర్చు ఊరు పంచుకోదు. కరిపించుకున్నోడి ఒక్కడిదే.

1902లో మద్రాస్ ప్రెసిడెన్సీలో లిల్లీ పాకెన్‌హమ్ వాల్ష్ అనే ఇంగ్లీషు యువతి రేబిస్‌తో చనిపోయింది. సమయానికి వైద్యం అందలేదు. ఆ చావు దొరల్ని కదిలించింది. అదే టైంలో హెన్రీ ఫిప్స్ అనే అమెరికన్, స్టీల్ వ్యాపారంలో కార్నెగీ పార్ట్‌నర్, వైస్రాయ్ కర్జన్‌కి ఇచ్చిన విరాళంలోంచి లక్ష రూపాయలు దీనికి పోయింది. 1907లో నీలగిరుల్లో కూనూరులో దక్షిణ భారత పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. అంతకుముందు మన ఊర్లలో ఎంతమంది కూలీలు, గొర్రెలు కాసే పిల్లలు అట్లానే పోయినారో, వాళ్ళ కోసం ఎవరూ పునాది రాయి వెయ్యలేదు. మంచి పని జరిగింది, సంతోషం. ఎవరు పోతే జరిగిందో కూడా గుర్తుపెట్టుకోవాలి కదా!

కూనూరు కసౌలీ కంటే చాలా దగ్గర. అయినా చిత్తూరోడికి ఆ ప్రయాణం ఎట్లా ఉండేదంటే, కాట్పాడికి పోయి బండి మారాలి, జోలార్‌పేట, ఈరోడ్ మీదుగా మేట్టుపాళయం, అక్కడ పళ్ళ పట్టాల కొండ రైలెక్కి పైకి. తోడుగా ఇంకో మనిషి. రోజుల తరబడి సూదులు. అన్ని రోజులు ఇద్దరికీ కూలి పోయినట్టే. టీకాకి డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా బిల్లు మాత్రం పెద్దదే.

1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు చచ్చిన వైరస్‌తో టీకా తయారుచేశాడు. దాన్ని సీసాల్లో వేరే ఊర్లకి పంపొచ్చు. అట్లా మెల్లగా జిల్లా ఆస్పత్రులకి వచ్చింది. 'బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు' అని మీ నాయనో మేనమామో చెప్పి భయపెట్టి ఉంటారే, అదే ఇది. దాన్ని గొర్రె మెదడు నుంచి తయారుచేసేవాళ్ళు. కుక్క కాపాడే గొర్రెనే, కుక్క కాటుకి మందు కోసం కోసేవాళ్ళన్నమాట. ఆ టీకా కొద్దిమందికి నరాల జబ్బు, పక్షవాతం తెచ్చిపెట్టింది. అయినా మన దేశంలో దాని తయారీ ఆగింది 2004 చివర్లో. నాకు ఊహ తెలిసినాక కూడా అది నడిచింది!

ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు డోసులు, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. కుక్క కరిస్తే ముందు సబ్బూ నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి, అదే రోజు ఆస్పత్రికి పోండి. పసుపు, కారం, సున్నం, ఏవీ పెట్టొద్దు. మనుషులకి వచ్చే రేబిస్‌లో నూటికి 99 కేసులు కుక్కల వల్లే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. కుక్కకి ఏడాదికి ఒక టీకా వేయిస్తే ఆ దారి మూసుకుంటుంది. అది కొన్ని వందల రూపాయల పని. జూలై 6న, మైస్టర్‌కి టీకా వేసిన ఆ తారీఖునే, చాలా పశువుల ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తారు కూడా. 1955 నుంచి పశువైద్య కాలేజీ ఉన్న ఊరు మన తిరుపతి. కుక్కకి డాక్టరు దొరకలేదని ఇక్కడ ఎవరూ అనలేరు.

ఇక పగ్. 2003లో హచ్ యాడ్ వచ్చింది, పిల్లోడు ఎటు పోతే వాడి వెనకే చిన్న కుక్క. మన దేశంలో చాలామంది ఆ జాతిని చూసిందే అప్పుడు. ఆ తర్వాత పగ్‌కి గిరాకీ, రేటు రెండూ ఎగిసిపోయినాయి. ఒక మొబైల్ నెట్‌వర్క్ యాడ్, కుక్కల మార్కెట్‌నే మార్చేసింది. పగ్ ముక్కు చప్పిడి, గాలి సరిగ్గా ఆడదు. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, వగరుస్తూనే ఒళ్ళు చల్లబరుచుకోవాలి. మే నెలలో 40 దాటే తిరుపతిలో అట్లాంటి ముక్కుతో అది పడే యాతన ఆలోచించండి. ఏసీ బిల్లు మనం కట్టొచ్చు. ఊపిరి బిల్లు అదే కట్టాలి. 2022లో వచ్చిన '777 చార్లీ' సినిమా చూసి ఏడ్చినోళ్ళు మీలో చాలామంది ఉంటారు. అందులో కుక్క జబ్బుకి కారణం ఏమని చెప్పారు? దగ్గరి రక్తంలో కలిపి పిల్లల్ని పుట్టించడం. రాజపాళయం తెలుపు కథే, ఇంకో ఊర్లో.

చట్టం లేదా అంటే ఉంది. 2017లో కేంద్రం కుక్కల బ్రీడింగ్ రూల్స్ తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, తల్లికుక్కని ఏడాదికి ఒకసారికి మించి ఈనించకూడదు. మీరు కొనబోతుంటే మూడు అడగండి: రిజిస్ట్రేషన్ ఏది, వయసెంత, తల్లిని చూపిస్తావా. మూడోదానికి తడబడితే వెనక్కి వచ్చేయండి. తల్లిని దాచిపెట్టి పిల్లని అమ్మేవాడి దగ్గర చౌకగా వచ్చిందంటే, ఆ తగ్గిన డబ్బు తల్లికుక్క ఒంట్లోంచి వచ్చిందే.

వీధికుక్క పిల్లని తెచ్చుకుంటే కొనే రేటు సున్నా. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, తిండి, ఆ నెల లెక్క మాత్రం ఉంటుంది. నా ఓటు దానికే. మన ఎండకి, మన సంగటికి వందల ఏళ్ళ నుంచి అలవాటు పడిన ఒళ్ళు అది.

వచ్చే ఎపిసోడ్ పుంగనూరు ఆవు. పలమనేరు ఫారం నుంచి లక్షల రేటు దాకా అది ఎట్లా వచ్చిందో చూద్దాం. ఉంటాను మరి.