వీధి బడి, సర్కారు బడి, ఇంటి చదువు: బళ్ళారి నుంచి బొమ్మనహళ్ళి దాకా

బెంగళూరు నుంచి హోసూరు వెళ్ళే రహదారి మీద బొమ్మనహళ్ళి కూడలి దాటి ఏ సందులోకి తిరిగినా ఎక్కడో ఒకచోట తెలుగు వినిపిస్తుంది. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలకు కుట్టుపనికి వెళ్ళేవారు, అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాల నుంచి కట్టడాల పనికి వచ్చినవారు, ఎలక్ట్రానిక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవారు ఇక్కడ పక్కపక్క వీధుల్లో ఉంటారు. ఒకప్పుడు విడి పురసభగా ఉన్న ఈ ఊరు 2007లో మహానగర పాలికెలో కలిసింది.

ఈ ఇళ్ళలో పిల్లల చదువును గురించి అడిగితే, "ఇంట్లోనే" అన్న ఒక్క మాట మూడు అర్థాల్లో వినవచ్చు. కూలి పనివారింట "పాప ఇంట్లోనే ఉంది" అంటే బడి మానేసి తమ్ముణ్ణి చూసుకొంటున్నదని అర్థం. చదువుకొన్న ఉద్యోగస్థుల ఇంట ఆ మాటకే, బడి పద్ధతి నచ్చక తల్లిదండ్రులే పాఠాలు చెబుతున్నారన్న అర్థం ఉండవచ్చు. ఇక "తెలుగు ఎక్కడ నేర్చుకొంటున్నారు?" అని అడిగితే మాత్రం అన్ని ఇళ్ళ నుంచీ వచ్చే జవాబు ఒకటే: "ఇంట్లోనే."

నిర్బంధ విద్యను విమర్శించేవారు మొదటి అర్థాన్ని మరిచిపోతారు. సమర్థించేవారు మూడో అర్థాన్ని మరిచిపోతారు. తెలుగునేల వెలుపల తెలుగు చదువుకొంటున్న విద్యార్థులు ఈ మూడింటినీ కలిపి చూడాలని మా అభిప్రాయం. అందుకు రెండువందల ఏళ్ళ వెనక్కి, ఇప్పుడు కర్ణాటకలోనే ఉన్న బళ్ళారికి, వెళ్ళవలసి ఉంది.

కాంబెల్ చూసిన బడులు

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న ఒక నిర్ణయం చేశాడు. ప్రజలకు చదువెంత ఉందో తెలియకుండా దాన్ని గురించి మాట్లాడడం వ్యర్థం గనుక, ప్రతి కలెక్టరూ తన జిల్లాలోని బడుల వివరాలు పంపాలన్నది దాని సారాంశం. బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదిక పంపాడు. ఈయన తెలుగు విద్యార్థులకు కొత్తవాడు కాడు. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం ప్రకటించింది ఈయనే. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని ఎల్లిస్ నిరూపించిన వ్యాసం అచ్చయింది ఆ పుస్తకంలోనే.

అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. అది 1882లో వేరయింది. 9,27,857 జనాభా ఉన్న ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నట్లు కాంబెల్ లెక్క తేల్చాడు. అంటే వెయ్యికి ఏడుగురు. ఆ బడులలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీవి 23, సంస్కృతానివి 23, ఫారసీవి 21, తమిళానివి 4, ఇంగ్లీషుది ఒకటి. కన్నడం, తెలుగు బడులు దాదాపు సమానంగా పక్కపక్కనే నడిచాయన్న సంగతి బెంగళూరు తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగ్గది. ఏ భాషలో చదవాలో సర్కారు చెప్పలేదు. జీతం ఇచ్చే ఇంటివారూ, చెప్పగలిగిన పంతులూ కలిసి తేల్చుకొన్నారు. ఈ 533 బడుల్లో ఒక్కదానికి కూడా ప్రభుత్వ సహాయం లేదని కాంబెల్ సిగ్గుపడుతూ రాశాడు.

అయిదో ఏట అక్షరాభ్యాసం, ఇసుకలో వేలితో దిద్దడం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం మొదలైన పద్ధతులన్నీ నివేదికలో ఉన్నాయి. ఈ చివరి పద్ధతిని, దాని పొదుపును కాంబెల్ మెచ్చుకొన్నాడు. అందరికన్నా ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. అలా వచ్చిన వరుసను బట్టి పెరుగుతూ పోయేవి. మొండికేసినవాణ్ణి చేతులు కట్టి పైకప్పుకు వేలాడదీయడం, గుంజీలు తీయించడం కూడా ఆయన చూశాడు. మన పెద్దలు 'కోదండం వేయడం' అని చెప్పుకొన్నది ఇదే. సర్కారు బడి రాకముందు చదువంతా స్వేచ్ఛగా, ఆనందంగా సాగిందని అనుకొనేవారు ఈ భాగం కూడా చదవాలి.

కాంబెల్ మరో లోపం చూపాడు. పిల్లలు వల్లె వేసే పద్యాల భాష వేరు, వారు మాట్లాడే భాష వేరు. అందువల్ల అర్థం తెలియకుండానే అప్పజెప్పేవారు. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత గిడుగు రామమూర్తి లేవనెత్తిన వాదానికి మూలం ఈ లోపంలోనే ఉంది. వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య వివాదంగా చదవడం మనకు అలవాటు. కాని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగుకు అది ముందుగా బడిపిల్లల కష్టం.

ఇళ్ళలో సాగిన చదువు

మన్రో 1826 మార్చి 10న అన్ని జిల్లాల లెక్కలూ కలిపి చూశాడు. రాజధాని మొత్తం మీద 12,498 బడులు తేలాయి. మద్రాసు నగరంలో ఇళ్ళలో చదువుకొనేవారి సంఖ్య 26 వేలకు పైగా, అంటే బడిలో చదివేవారికి అయిదు రెట్లకు మించి వచ్చింది. ఆ అంకె మీద మన్రోకే అనుమానం కలిగింది. అయినా ఇంటి చదువు చాలా విస్తారంగా ఉందని ఆయన ఒప్పుకొన్నాడు. ఈ నివేదికలను ధరంపాల్ 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' అన్న గ్రంథంలో ప్రచురించిన తర్వాత, సర్కారు బడిని విమర్శించేవారికి ఇవి పెద్ద ఆధారమయ్యాయి.

అయితే ఇంటి చదువు అంటే ఎవరి ఇల్లు అన్న ప్రశ్న తప్పదు. తమిళ జిల్లాలతో పోలిస్తే తెలుగు జిల్లాల బడుల్లో బ్రాహ్మణ బాలుర పాలు ఎక్కువని ఆ లెక్కలే చెబుతున్నాయి. బాలికలు చాలా కొద్దిమంది. అంటరానివారుగా చూడబడిన కులాల పిల్లలకు పంతులుగారి అరుగు అందలేదు. ఇంట చెప్పడానికి చదివినవారూ లేరు.

ఇంటి చదువు ఎంత ఎత్తుకు తీసుకువెళ్ళగలదో చూపడానికి భండారు అచ్చమాంబ (1874-1905) మంచి ఉదాహరణ. ఆమె బడికి వెళ్ళలేదు. తెలుగునేలకు దూరంగా మధ్య పరగణాల్లో కాపురముంటూ, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొంటూ ఉండగా అతని తోడ్పాటుతో ఇంట్లోనే తెలుగు, హిందీ నేర్చుకొన్నారు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించారు. ప్రవాసాంధ్ర గృహంలో పెరిగిన విద్వత్తు ఇది. కాని ఆ ఇంట్లో ఒక లక్ష్మణరావు ఉన్నాడు, పుస్తకాలు ఉన్నాయి. అటువంటి ఇళ్ళు ఎన్ని?

నిర్బంధం ఎందుకు వచ్చింది

ఈ ప్రశ్నకు జవాబుగానే నిర్బంధ విద్య వచ్చింది. 1906లో బరోడా సంస్థానం దాన్ని రాజ్యమంతటా అమలు చేసింది. 1911లో గోఖలే కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టాడు. మరుసటి ఏడు అది ఓడిపోయింది. మైసూరు సంస్థానం 1913లో చట్టం చేసి కొన్ని చోట్ల నిర్బంధాన్ని ఆరంభించింది. 1920 నాటి మద్రాసు చట్టం స్థానిక సంస్థలకు ఆ అధికారం ఇచ్చింది. 1950లో రాజ్యాంగం పదేళ్ళలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని నిర్దేశించింది. ఆ గడువు 1960లోనే దాటిపోయింది.

పిల్లలను ఇంటికి తిప్పి పంపితే ఏమవుతుందో తెలిపే ఘట్టం ఒకటి 1953లో జరిగింది. తెలుగు జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న ఆ జూన్ నెలలో ముఖ్యమంత్రి రాజాజీ గ్రామాల ప్రాథమిక పాఠశాలల వేళలను రోజుకు మూడు గంటలకు తగ్గించారు. మిగిలిన వేళ పిల్లలు ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. చాలినన్ని బడులు, ఉపాధ్యాయులు లేని రోజుల్లో రెండు పూటలా వేర్వేరు పిల్లలకు చెప్పవచ్చునన్నది ఆయన లెక్క. కాని చాకలి కొడుకు చాకిరేవుకూ, కుమ్మరి కొడుకు సారెకూ పోవాలంటే అది కులవృత్తి విద్యే అవుతుందని ద్రావిడ ఉద్యమం ఎదురు తిరిగింది. 1954లో రాజాజీ పదవి వదిలారు. తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని రద్దు చేశారు. ఇల్లు కూడా పిల్లవాణ్ణి నిర్బంధించగలదని మన ప్రాంతాల చరిత్ర నేర్పిన పాఠం ఇది.

సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చిన విమర్శ

అయితే సర్కారు బడిపై విమర్శ అంతటితో ఆగలేదు, ఆగకూడదు కూడా. 1971లో ఇవాన్ ఇలిచ్ బడి లేని సమాజాన్ని గురించి రాశాడు. 1977లో అమెరికాలో జాన్ హోల్ట్ బడికి పంపకుండా పిల్లలను పెంచే తల్లిదండ్రుల కోసం పత్రిక పెట్టాడు. ఈ పేర్లు బెంగళూరు ఇంటి చదువుల వారికి బాగా తెలుసు. వారి ఇళ్ళకు కొన్ని గంటల ప్రయాణ దూరంలో జరిగిన పని అంతగా తెలియదు.

1972లో డేవిడ్ హార్స్‌బరో అనే ఆంగ్లేయుడు కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర నీల్‌బాగ్ అనే బడి పెట్టాడు. ఆంధ్ర సరిహద్దును ఆనుకొని, తెలుగు ఇంటిభాషగా ఉన్న ప్రాంతం అది. పరీక్షలు లేవు, దండన లేదు, వయసును బట్టి తరగతులు లేవు. చేతిపనీ సంగీతమూ లెక్కలతో సమానం. ఆయన 1984లో మరణించాడు. ఆ పద్ధతిని ఆకళించుకొన్న ఉపాధ్యాయులు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపారు. చదువును చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ప్రతి మెట్టుకూ కార్డులు తయారు చేసి, పిల్లలు ఎవరి వేగాన వారు ఎక్కే ఏర్పాటు చేశారు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా ఉపాధ్యాయులు దాన్ని చూసి వెళ్ళి 'నలి-కలి' పేర కన్నడంలో మొదలుపెట్టారు. 2009-10 నుంచి కర్ణాటక ప్రభుత్వ కన్నడ పాఠశాలలన్నిటి తొలి తరగతుల్లోకి అది వచ్చింది. బడిని తప్పుపట్టినవారి ఆలోచన చివరకు సర్కారు బడిలోకే చేరిందన్నమాట. అమలులో లోటుపాట్లు ఉన్నాయి. అయినా బడిని విడిచిపెట్టడం ఒక్కటే మార్గం కాదనడానికి ఇది సాక్ష్యం.

దాదాపు అదే కాలంలో తెలంగాణలో మరో వాదం పుట్టింది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ ద్వారా పనిచేసిన శాంతా సిన్హా, బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడేనని వాదించారు. పని చేసే పిల్లలకు రాత్రి బడులు, సగం చదువులు చాలునన్న ఆనాటి ఆలోచనను ఆమె అంగీకరించలేదు. పేద తల్లిదండ్రులకు పిల్లల చదువు మీద ఆశ లేదన్న మాటను ఆ పని అబద్ధం చేసింది. ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఈ రెండు వాదాలలో ఏది సరైనదని మమ్మల్ని అడిగితే, అవి రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబులని చెబుతాము. మొదటిది బడి లోపల ఏమి జరగాలన్నది. రెండవది బడి గుమ్మం ఎవరికి తెరిచి ఉండాలన్నది.

మళ్ళీ బొమ్మనహళ్ళి

2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అన్నది. కాని చేర్చనివారికి శిక్ష విధించలేదు. ఇంటి చదువును అది పేరు పెట్టి నిషేధించనూ లేదు, గుర్తించనూ లేదు. అందువల్ల ఇంట్లో చదివిన పిల్లలు పద్నాలుగేళ్ళు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి పరీక్షకు కూర్చొంటున్నారు. ఒక పక్షానికి ఈ మౌనం స్వేచ్ఛగా కనిపిస్తుంది. మరో పక్షంలో, కట్టడం దగ్గర రేకుల షెడ్డులో ఉన్న పిల్లను బడికి రప్పించే బాధ్యత ఎవరిదో తేలకుండా చేసేది కూడా ఇటువంటి మౌనమే.

2020లో కరోనా వల్ల బడులు మూసినప్పుడు అందరిదీ ఇంటి చదువే అయింది. ఆ ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వం 'విద్యాగమ' పేర ఉపాధ్యాయులను పిల్లల దగ్గరికే పంపింది. గుడి అరుగుల మీద, చెట్ల కింద పాఠాలు సాగాయి. కాంబెల్ చూసిన వీధి బడి కొన్ని వారాల పాటు తిరిగి వచ్చినట్లయింది. అంటువ్యాధి భయంతో అక్టోబరులో దాన్ని ఆపారు. సొంత ఫోను, చదివిన తల్లి ఉన్న ఇళ్ళలో చదువు సాగింది. లేని ఇళ్ళలో ఆగింది. ఇంటి చదువు ఇంటిని బట్టి ఉంటుందని ఎవరూ ప్రత్యేకంగా నిరూపించనక్కరలేకపోయింది.

ఇక భాష సంగతి. విద్యాహక్కు చట్టం సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలంటుంది. 1994లో కర్ణాటక ప్రభుత్వం మొదటి నాలుగు తరగతులు మాతృభాషలో గాని కన్నడంలో గాని ఉండాలని ఉత్తర్వు చేసింది. 2014 మే 6న సుప్రీం కోర్టు, మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దరాదని, పిల్లల తరఫున ఎంచుకొనేది తల్లిదండ్రులేనని తీర్పు చెప్పింది. ఆ స్వేచ్ఛతో తల్లిదండ్రులలో చాలామంది ఎంచుకొన్నది ఇంగ్లీషునే. నిర్బంధం ఉన్నా లేకున్నా, బొమ్మనహళ్ళిలోని తెలుగు పిల్లలలో చాలామందికి బడిలో తెలుగు లేదు. ఇంట్లో మాట్లాడే తెలుగు ఉంటుంది. రాసే తెలుగు ఉండదు.

కాబట్టి మన చదువరులకు ఇంటి చదువు దూరపు చర్చ కాదు. గణితానికీ సైన్సుకూ బడి ఉండవచ్చు. తెలుగు అక్షరాలకు మాత్రం నేడు ఇక్కడి చాలా కుటుంబాలకు అచ్చమాంబ నాటి ఏర్పాటే మిగిలింది: ఇంట్లో చదివినవారు ఒకరుంటే అక్షరం వస్తుంది, లేకుంటే రాదు. ఈ అసమానతను తగ్గించగలిగిన స్థితిలో ఉన్నవారు తెలుగు చదువుకొంటున్న విద్యార్థులే. వారానికి ఒక సాయంత్రం, ఒక అరుగు, పదిమంది పిల్లలు చాలు. ఆ పిల్లల్లో ఉద్యోగస్థుల బిడ్డా, కట్టడపు కూలి బిడ్డా పక్కపక్కన కూర్చొంటే, బళ్ళారి వీధి బడి చేయలేకపోయిన పని ఒకటి జరుగుతుంది. పగలు ఆ కూలి బిడ్డ బడికి వెళుతున్నదా లేదా అని అడిగే బాధ్యత కూడా ఆ అరుగు మీద కూర్చొన్న మనదే అవుతుంది.