చెరువు శిఖంలో మా ప్లాటు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమంది చనిపోయారు. మళ్ళీ అలా జరగకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఊళ్ళో కురిసిన వానని ఆపడానికి గొలుసుకట్టు చెరువులు ఎలాగూ ఉన్నాయి. ఒకటి నిండితే అలుగు పారి ఇంకోదానికి వెళ్ళేది.

1901లో నాలుగున్నర లక్షలున్న జనాభా, ఊరు విస్తరించి 2011 నాటికి 67 లక్షలు దాటింది. ఇళ్ళకోసం చెరువులు పూడ్చారు, నాలాలు కుదించారు. 2020 అక్టోబరు వానలకి నీళ్ళు కాలనీలని ముంచేశాయి.

"మన ప్లాటులో నడుంలోతు నీళ్ళురా" అన్నారు నాన్నగారు ఫోనులో. డల్లాస్ నుంచి డబ్బు పంపి నేను కొన్నదే. అది చెరువు శిఖమని అప్పుడే తెలిసింది.

జనం పెరిగిపోయారని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ జనంలో నేనూ ఉన్నాను. స్థలం కొనేముందు పాత పటం ఒక్కసారి చూడండి. సెలవు.