గొర్రెపిల్లల మధ్య పెరిగిన కుక్క: నవాహో ఆదివాసుల చదువు



ఈసారి అమెరికాలోని నవాహో ఆదివాసుల గురించి మాట్లాడుకుందాం. వాళ్ల మందల వెంట నడిచే మామూలు నాటుకుక్క కథ ఇది. కుక్క కథలో చరిత్ర ఏముంటుంది అనుకోకండి, చివరిదాకా చదవండి.

నవాహోలు తమను తాము 'డినే' అని చెప్పుకుంటారు. వాళ్ల నేల అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో ఉంది. గొర్రెలను ఆ ప్రాంతానికి తెచ్చింది స్పెయిన్ వాళ్లు. కొన్ని తరాల్లోనే డినేలకు గొర్రె లేకపోతే బతుకు లేదన్నంత అయింది. తిండి దానితోనే, ఉన్ని దానితోనే, ఆడవాళ్లు నేసే దుప్పట్లూ దానితోనే. చాలా ఇళ్లల్లో మంద మీద హక్కు ఆడవాళ్లదే.

అందుకే డినేలను లొంగదీయాలనుకున్న ప్రతిసారీ ప్రభుత్వం చెయ్యి మంద మీదే పడింది. 1863–64లో అమెరికా సైన్యం వాళ్ల పంటలు తగలబెట్టి, గొర్రెలను చంపి, వేలమందిని వందల మైళ్లు నడిపించి బోస్క్ రెడోండోలో నిర్బంధించింది. 1868 జూన్ 1న ఒప్పందం కుదిరాకే సొంత నేలకు తిరిగొచ్చారు. 15,000 గొర్రెలు, మేకలు కొనివ్వాలని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. ఆ కొద్ది జీవాలతోనే మళ్లీ మందలు పెంచుకున్నారు. 1930లలో ఇంకో దెబ్బ. మేత ఎక్కువై నేల కోసుకుపోతోందని చెప్పి, జాన్ కోలియర్ అధికారిగా ఉన్న కాలంలో, మందలను బలవంతంగా తగ్గించారు. కొన్నిచోట్ల జీవాలను కాల్చి అక్కడే వదిలేశారు.

ఇక మిగిలిన మందకు శత్రువు కయోటీ. నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. లేత గొర్రెపిల్ల దొరికితే వదలదు. దానికి డినేల జవాబే ఈ కుక్క.

దాన్ని ఎలా తయారుచేస్తారు? తల్లిపాలు మానే వయసులో, దాదాపు 4 నుంచి 8 వారాల మధ్య, కుక్కపిల్లను గొర్రెల దొడ్డిలో వదులుతారు. గొర్రెపిల్లలు, మేకపిల్లల పక్కనే అది పడుకుంటుంది. ఇంట్లో మిగిలిన తిండే దానికి పెడతారు. ముద్దు చేయడం తక్కువ. ఇంటివైపు వస్తే మళ్లీ దొడ్డిలోకే తోలుతారు. కాస్త పెద్దయ్యాక పొద్దున మందతో మేతకు పోతుంది, సాయంత్రం మందతోనే తిరిగొస్తుంది.

అసలు కష్టం కుక్క ఎదిగే వయసులో వస్తుంది. ఆటకోసం గొర్రెపిల్లను తరుముతుంది, చెవి కొరుకుతుంది, ఉన్ని పీకుతుంది. కుక్కకు అది ఆటే, లేత పిల్లకు మాత్రం ప్రాణం మీదికొస్తుంది. అందుకే అప్పుడు కన్నేసి ఉంచాలి, తప్పు చేసిన క్షణంలోనే గద్దించాలి. ఎంత చెప్పినా మారని కుక్కను మందలో ఉంచుకోరు. సగం పాఠం తల్లిగొర్రెలే నేర్పుతాయి. ఈనిన గొర్రె దగ్గరికి దూకుడుగా పోతే తలతో పొడుస్తుంది. దాంతో కుక్క మెల్లగా, తల దించుకుని దగ్గరికి పోవడం నేర్చుకుంటుంది.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, కుక్కపిల్ల మూడో వారం నుంచి దాదాపు పన్నెండో వారం దాకా ఎవరి మధ్య పెరిగితే వాళ్లనే తనవాళ్లు అనుకుంటుంది. డార్విన్ 1833లో ఉరుగ్వేలో ఇలాంటి పద్ధతే చూశాడు. అక్కడి కాపరులు కుక్కపిల్లకు గొర్రె పాలే తాగించి, దొడ్డిలో ఉన్నితో పడక వేసేవాళ్లని రాశాడు.

ఇప్పుడు అసలు విషయం. 1972లో అమెరికా ప్రభుత్వ భూముల్లో కయోటీలకు విషం పెట్టడాన్ని నిషేధించారు. గొర్రెల యజమానులకు వేరే దారి కావాల్సి వచ్చింది. పరిశోధకులు సముద్రం దాటి ఇటలీ, యుగోస్లావియా, టర్కీల నుంచి జాతికుక్కలను తెప్పించారు. డినేల దొడ్లలో మాత్రం ఆ పనిచేసే కుక్కలు అప్పటికే ఉన్నాయి! 1981లో హాల్ బ్లాక్ అనే శాస్త్రవేత్త వాటి గురించి రాశాడు. 1985లో జెఫ్రీ గ్రీన్‌తో కలిసి మళ్లీ రాశాడు. అవి ఏ జాతికీ చెందని కలగలుపు కుక్కలే. పుట్టుకకంటే పెంపకమే ముఖ్యమని వాటిని చూస్తే తెలిసింది.

'మీకు మంద కాయడం రాదు' అని అధికారులు ఎవరితో అన్నారో, యాభై ఏళ్లు తిరక్కముందే వాళ్ల దగ్గరే శాస్త్రం పాఠం నేర్చుకుంది. అయితే ఆ పాఠం పుస్తకాలకెక్కింది బయటివాళ్ల పేరుతోనే. ఈ మాట మనం బాగా గుర్తుపెట్టుకోవాలి.

మన గూడేల్లోనూ మేకలున్నాయి, కుక్కలున్నాయి, వాటి గుణం తెలిసిన తాతలు, అవ్వలు ఉన్నారు. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అడగండి. ఏ కుక్కపిల్లను ఏరుకునేవాళ్లు? ఎప్పుడు మందలో వదిలేవాళ్లు? పిల్లలను కరిస్తే ఏం చేసేవాళ్లు? చిరుతను, తోడేలును ఎలా పసిగట్టేవాళ్లు? వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, వాళ్ల పేరుతోనే ఇక్కడ రాద్దాం. మన తెలివికి సాక్ష్యం మనమే రాసుకోవాలి.

జై ఆదివాసీ!