వేసవి సెలవుల్లో దేవమాలి వెళ్తున్నారా?

తల్లిదండ్రులకు, పిల్లలకు: 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం మన కొరాపుట్ జిల్లాలోని దేవమాలి. ఎండ ముదరకముందే ఎక్కండి, మధ్యాహ్నం దాటితే పిడుగుల వానలుంటాయి. వెంట ఒక గోనెసంచి ఉంచుకుని, దారిలో కనిపించిన ప్లాస్టిక్ కిందికి తెండి. మీరు తిన్న ప్యాకెట్లు ఎలాగూ తేవాల్సిందే!

అడవిలో నిప్పు మాత్రం వద్దు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద రాలిన ఆకుల్ని కాలుస్తారు కదా, ఆ మంటే ఒక్కోసారి కొండకు పాకుతుంది. మొలకలూ, పక్షి గూళ్ళూ పోతాయి. ఆకులు చీపురుతో ఊడ్చినా పూలు ఏరుకోవచ్చు, కాస్త నడుం నొప్పి తప్ప.

ఎక్కలేనివాళ్ళకు ఇంకో పని ఉంది. జయపురం దగ్గరి పాత్రపుట్‌కు చెందిన కమలా పూజారి దేశవాళీ వరి విత్తనాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్నారు. రాయగడ వైపు చుట్టాలింటికి వెళ్ళినా సరే, అక్కడి అవ్వల్ని అడిగి పాత వరి రకాల పేర్లు రాసుకురండి. ఒడియాలో చెప్పినా, కువిలో చెప్పినా, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయండి.